ఊరు పోయి పేరు మిగిలిన విశేషణం: ‘కర్నాటిక్’



కిందటి కార్తీక మాసంలో ఒక సాయంత్రం, వేణుగోపాలస్వామి గుడి నుంచి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూండగా నా పాత శిష్యుడొకడు ఫోను చేశాడు. ఇప్పుడతడూ తెలుగు ఉపాధ్యాయుడే. కుశల ప్రశ్నలయ్యాక కాస్త తటపటాయించి, “అయ్యవారూ, మీరు మాకు తొమ్మిదో తరగతిలో చెప్పిన మాట ఒకటి నిన్న నా తరగతిలో చెప్పి తల దించుకోవలసి వచ్చింది” అన్నాడు.

జరిగింది ఇది. పాఠంలో ‘కర్ణాటక సంగీతం’ అనే మాట వచ్చింది. “కర్ణములయందు అటించునది, అనగా చెవులలో సంచరించునది కర్ణాటము” అని అతడు వ్యుత్పత్తి చెప్పాడు. సంగీతం నేర్చుకుంటున్న ఒక ఆడపిల్ల లేచి, “సార్, మా టీచరు దాన్ని కర్నాటిక్ అంటారు. చెవిలో తిరిగేదే కర్నాటిక్ అయితే, హిందుస్తానీ పాట ముక్కులో తిరుగుతుందా?” అని అడిగిందట. తరగతంతా నవ్విందట. “దానికేం జవాబు చెప్పాలో తోచలేదు. మీరు చెప్పింది కాబట్టి తప్పయి ఉండదనుకున్నాను” అన్నాడు నా శిష్యుడు.

ఆ చివరి మాట నన్ను రాత్రంతా నిద్రపోనీయలేదు. ఆ వ్యుత్పత్తిని నేను నా గురువుల వద్ద విన్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రతి తరగతిలోనూ అప్పజెప్పాను. నిజం చెప్పాలంటే, ఉద్యోగ విరమణకు చాలా ముందే దాని మీద నాకు అనుమానం కలిగింది. చదివిన పుస్తకాలు వేరే మాట చెప్పేవి. కాని ఆ అనుమానాన్ని తరగతి గడప దాటించి లోపలికి తీసుకురాలేదు. వ్యుత్పత్తి అందంగా ఉంది, పిల్లలు ఇష్టపడుతున్నారు, పోనీలే అనుకున్నాను. ఒక ఉపాధ్యాయుడు చేయగల తప్పుల్లో ఇది చిన్నది కాదు. ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా మాట రూపం చూద్దాం. ‘కర్నాటిక్’ అనేది నేడు ఇంగ్లీషులో విశేషణం. కర్ణాట శబ్దానికి ‘క’ ప్రత్యయం చేరితే కర్ణాటక. పారశీకం రాసే దక్కను చరిత్రకారులు చివరి అచ్చును వదలి దాన్ని ‘కర్నాటక్’ అన్నారు. ఇంగ్లీషువారి చెవికి ఆ చివరి అక్షరం తమ భాషలోని ఏషియాటిక్, రొమాంటిక్ వంటి విశేషణాల తోకలా వినిపించి ఉండాలి. అలాగే రాశారు. మొదట వారికది ఒక దేశం పేరు, అంటే నామవాచకం. తరువాతి కాలంలో నామవాచకం రాలిపోయి విశేషణమే మిగిలింది. ఎందుకు రాలిపోయిందన్నదే అసలు కథ.

మూలం సంస్కృతం కాదు, ద్రావిడం. ‘కరు’, ‘నాడు’ అనే రెండు పదాల కలయిక. కరు అంటే నలుపు, నాడు అంటే దేశం. నల్లరేగడి నేల గల దేశమని ఒక వివరణ. కరు అంటే ఎత్తు అనే అర్థం తీసుకుని, మెట్టదేశం, పీఠభూమి అని మరొక వివరణ. బిషప్ కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో మొదటిదాని వైపే మొగ్గాడు. తమిళ కావ్యం శిలప్పదికారంలో ‘కరునాడర్’ అనే జనుల ప్రస్తావన ఉంది. కన్నడంలో తొమ్మిదో శతాబ్దిలో పుట్టిన కవిరాజమార్గం కావేరి నుండి గోదావరి వరకు ఉన్న నాడును కన్నడ నాడుగా చెబుతుంది. సంస్కృతంలోనూ ఈ పేరు కొత్తది కాదు. ఆరో శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో దక్షిణ దేశాలను చెబుతూ కర్ణాటాన్ని పేర్కొన్నాడు. అక్కడ అది చెవి కాదు, దేశమే.

మరి చెవి ఎలా వచ్చింది? దేశ్య పదానికి సంస్కృత వేషం వేసి, తరువాత ఆ వేషానికే వ్యుత్పత్తి చెప్పడం మన పండితులకు పాత అలవాటు. మా ఊరి పేరే చూడండి. కాడువెట్టి నగరం కార్వేటినగరమైందని పెద్దలు చెబుతారు. కాడు వెట్టి అంటే అడవి కొట్టి అని. కాడువెట్టి అనేది పల్లవులకున్న బిరుదు కూడా. రేపెవరైనా సమాసం విడగొట్టి, ‘కారు ఏటి నగరం, అనగా నల్లని ఏటి ఒడ్డున ఉన్న పట్టణం’ అని చెబితే వినడానికి ఎంతో బాగుంటుంది. కాని ఆ ఏరెక్కడా కనబడదు. కర్ణాటంలో కర్ణం కూడా అటువంటిదే.

ఇక చరిత్రలోకి వద్దాం. 1336లో స్థాపితమైందని చెప్పే విజయనగర రాజ్యాన్ని శాసనాలు కర్ణాట రాజ్యమని పేర్కొన్నాయి. ఫెరిష్తా వంటి పారశీక చరిత్రకారులకు కూడా అది కర్నాటకే. ఈ పేరు మొదట భాషను బట్టి వచ్చినా, ఆ రాజ్యం భాషల గట్లు దాటి విస్తరించింది. కన్నడం, తెలుగు, తమిళం మాట్లాడే నేలలన్నీ కర్ణాట రాజ్యమే. 1509 నుండి 1529 వరకు పాలించిన కృష్ణదేవరాయలకు ‘కన్నడ రాజ్య రమారమణ’ అనే బిరుదు ఉంది. ఆయన రాసిన ఆముక్తమాల్యద తెలుగు కావ్యం. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఆనాడు ఎవరికీ తోచలేదు.

అంతకు ముందే శ్రీనాథుడు అచ్చంగా తెలుగులో కావ్యం రాస్తూ తన కవిత్వం కర్ణాట భాష అని చెప్పుకున్నాడు. దీని మీద మన విమర్శకులు చాలా తర్జనభర్జన పడ్డారు. ‘చెవికింపైన భాష’ అని కొందరు చెప్పారు. చూశారా, అక్కడా చెవే వచ్చింది! దానికి నేను తీర్పరిని కాను. కాల్డ్వెల్ గమనించిన ఒక మాట మాత్రం గుర్తు చేస్తాను. కర్ణాటమనే పేరు దేశీయుల వాడుకలో ఒకప్పుడు తెలుగువారికీ, కన్నడిగులకూ, వారి భాషలకూ కలిపి చెల్లేదని, కాలక్రమంలోనే కన్నడానికి పరిమితమైందని ఆయన అన్నాడు.

1565లో తళ్ళికోట యుద్ధం జరిగింది. హంపీ పాడుబడింది. రాజ్యం మాత్రం ఒక్కనాడే పోలేదు. అరవీటి వంశపు రాజులు పెనుగొండకు వచ్చారు, అక్కడ నుండి చంద్రగిరికి, వేలూరికి మారారు. చంద్రగిరి మా ఊరికి ఒక పూట ప్రయాణం. రాజు ఎక్కడ ఉంటే కర్ణాట రాజ్యం అక్కడ. ఈ విధంగా పశ్చిమాన తుంగభద్ర ఒడ్డున ఉండవలసిన పేరు కనుమలు దిగి తూర్పు నేలకు, మా నేలకు, నడిచి వచ్చింది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నం చోటు దొరికింది కూడా ఈ చంద్రగిరి రాజు పాలనలోనే. ఇచ్చినవాడు ఆయన కింది నాయకుడు దామర్ల వేంకటాద్రి. కంపెనీవారు తాము ఏ దేశంలో దిగామో తెలుసుకోబోతే వారికి వినిపించిన పేర్లలో ఇది ఒకటి.

తరువాత గోలకొండ, బీజాపూరు సుల్తానులు ఈ దేశాన్ని పంచుకున్నారు. బీజాపూరు కర్నాటక్ ఒకటి, గోలకొండ కర్నాటక్ ఒకటి. కనుమలకు పైన ఉన్నది బాలాఘాటు, కింద ఉన్నది పాయీన్‌ఘాటు. ఔరంగజేబు 1686లో బీజాపూరునూ, 1687లో గోలకొండనూ జయించాక అన్నీ మొగలుల చేతికి వచ్చాయి. వారి ప్రతినిధులుగా మొదలై స్వతంత్రులైనవారే ఆర్కాటు నవాబులు. వారి ఏలుబడి ప్రధానంగా పాయీన్‌ఘాటు, అంటే కనుమల కింది నేల. కాని వారి పేరు ‘కర్నాటక్ నవాబులు’. ఇంగ్లీషువారు చూసిన కర్నాటక్ అదే. కాబట్టి వారి పటాల్లో ‘కర్నాటిక్’ అంటే నెల్లూరు, ఆర్కాటు, తిరుచిరాపల్లి వైపు నేల. పశ్చిమాన పోర్చుగీసువారు ఇదే మాటను ‘కనరా’ అని పలికారు. అది కూడా అలాగే కనుమలు దిగి పడమటి సముద్ర తీరంలో స్థిరపడింది. ఒకే మెట్టదేశం పేరు రెండు వైపులా కనుమలు దిగి రెండు తీరాలకు చేరిందన్నమాట. మధ్యలో ఉన్న అసలు మెట్టదేశానికి మాత్రం మైసూరు అనే పేరు మిగిలింది.

ఈ కర్నాటిక్‌లో మా ఊరికీ ఒక చోటుంది. కార్వేటినగరం పాలెగాళ్ళు బొమ్మరాజు అనే పేరుతో ప్రసిద్ధులు. కర్నాటిక్ యుద్ధాల చరిత్రను 1763లో మొదలుపెట్టి సంపుటాలుగా ప్రకటించిన రాబర్ట్ ఆర్మ్, ఉత్తరపు పాలెగాళ్ళలో వెంకటగిరి, కాళహస్తి ప్రభువులతో పాటు మావారిని పేర్కొన్నాడు. ఆ పుస్తకంలో బొమ్మరాజు ‘బొమ్‌రాజ్’ అయ్యాడు. కర్నాటిక్ చరిత్రలో రెండు పెద్ద మరణాలకు సాక్షి కూడా పాత చిత్తూరు జిల్లాయే. 1740లో దామలచెరువు కనుమ వద్ద మరాఠాల చేతిలో నవాబు దోస్త్ అలీ ఖాన్ నేలకొరిగాడు. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట వద్ద దండులోనే హైదర్ అలీ కన్నుమూశాడు. ఆ హైదరు 1780లో ఈ నేల మీద విరుచుకుపడిన వైనాన్ని ఎడ్మండ్ బర్క్ 1785లో, ఆర్కాటు నవాబు అప్పుల మీద ప్రసంగిస్తూ, లండను పార్లమెంటులో వర్ణించాడు. ఆనాడు ఇంగ్లీషు చదివేవాడెవరికైనా కర్నాటిక్ తెలిసిన మాటే.

1801 జూలైలో కంపెనీ నవాబు చేత ఒడంబడిక రాయించుకుని రాజ్యభారం తానే తీసుకుంది. మరుసటి ఏడు, 1802లో, బొమ్మరాజు పాలెం శాశ్వత పేష్కషుతో జమీందారీ అయింది. బిరుదు మాత్రంగా మిగిలిన నవాబు పదవి 1855లో, గులాం మహమ్మద్ గౌస్ ఖాన్ వారసుడు లేకుండా మరణించాక, రద్దయింది. ఇక రాజు లేడు, నవాబు లేడు. జిల్లాలు వచ్చాయి: ఉత్తర ఆర్కాటు, దక్షిణ ఆర్కాటు, నెల్లూరు. కర్నాటిక్ అనే దేశం పటంలోంచి చెరిగిపోయింది. మిగిలినవి కొన్ని పేరుపలకలు. 1869లో ఎర్రసముద్రంలో మునిగిపోయిన పొగఓడ పేరు కర్నాటిక్. మద్రాసు పెరంబూరులో ఖాకీ బట్టకు పేరుపడి, 1996లో మూతపడిన బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లు పేరులోనూ ఆ మాట ఉంది.

యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు 1886లో ‘హాబ్సన్ జాబ్సన్’ అనే నిఘంటువు ప్రకటించారు. భారతదేశపు ఇంగ్లీషులో చేరిన మాటల చరిత్ర అది. అందులో ఈ పదం ప్రయాణాన్ని చక్కగా వివరించి, చివర ఈ మాట ఇప్పుడు వాడుకలో లేదని తేల్చేశారు. అనగా నిఘంటువు దానికి ఉత్తరక్రియలు చేసింది.

అయిదేళ్ళు తిరిగేసరికి ఆ మాట లేచి కూర్చుంది! 1891లో చార్లెస్ డే అనే ఇంగ్లీషు సైనికాధికారి దక్షిణదేశపు సంగీతం మీద పెద్ద గ్రంథం రాసి, హిందుస్తానీ, కర్ణాటిక్ అని రెండు పద్ధతులను చెప్పాడు. ఆయన సృష్టించింది కాదది. పాత కర్ణాట రాజ్యపు నేలలో పాడే పద్ధతికి కర్ణాటకమనే పేరు మన సంగీతజ్ఞుల వాడుకలో అంతకు ముందే ఉంది. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలతో పాటు జరిగిన సంగీత సభ ఫలితంగా మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. కచేరీ సభలు, పత్రికలు, రేడియో ఆ విశేషణాన్ని ఇంటింటికీ చేర్చాయి. దేశం పోయింది, సంగీతం దాని పేరును మోస్తోంది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పాట చెవిలో తిరుగుతుందా ముక్కులో తిరుగుతుందా అన్న వాదమే లేదు. హిందుస్తానీ అన్నా దేశం పేరే, కర్ణాటకమన్నా దేశం పేరే. ఉత్తరాది వాడుకలో హిందుస్తాన్ అనిపించుకున్న నేలది ఒకటి, విజయనగర రాజ్యపు నేలది మరొకటి.

సరిహద్దు ఊరివాణ్ణి కాబట్టి మరో సంగతి చెప్పాలి. తమిళంలో ‘కర్నాటకం’ అంటే పాతకాలపుదని అర్థం. కొత్త పద్ధతులు ఒంటబట్టని మనిషిని ‘శుద్ధ కర్నాటకం’ అంటారు. చిన్నప్పుడు ఇది విని సంగీతానికి తిట్టెలా అయిందా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే సహజమే అనిపిస్తోంది. రాజ్యం పోయాక, ఆ రాజ్యపు నాటి అలవాట్లన్నీ కర్నాటకమే, అంటే పాతవే. దేశాన్ని చెప్పిన మాట కాలాన్ని చెప్పే మాటగా మారింది.

చివరగా కాస్త కష్టమైన విషయం. ‘కృతులు మనవి, పేరు వారిదా?’ అని మన సభల్లో వింటూంటాం. త్యాగరాజస్వామి తెలుగు, క్షేత్రయ్య తెలుగు, మరి కర్ణాటకమనడమేమిటని ఒకప్పుడు నేనూ వేదికల మీద ఆవేశపడ్డాను. తమిళుల ఆవేదన వేరు. తమ ఊళ్ళో తమ భాషలో పాట వినబడటం లేదని 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సభ జరిపి, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం పెట్టుకున్నారు. కన్నడిగులు పురందరదాసును కర్ణాటక సంగీత పితామహుడంటారు. ఆయన ఏర్పరచాడని చెప్పే సరళీ స్వరాలతోనే నేటికీ పిల్లల పాఠం మొదలవుతుంది. ఎవరి మాటలోనూ అసత్యం లేదు. పొరపాటు ఒక్కచోటే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషను బట్టి ఇతర రాష్ట్రాలు ఏర్పడ్డాయి. మైసూరు రాష్ట్రం కర్ణాటక అనే పేరు పెట్టుకున్నది 1973 నవంబరు 1న. ఈ గట్లను మనం వెనక్కి జరిపి, పదహారో శతాబ్దపు మాటలో పాతుతున్నాం. కర్ణాటక సంగీతమనే పేరు 1973 నాటి రాష్ట్రాన్ని చూసి పెట్టింది కాదు.

మా ఊరి చరిత్రే దీనికి ఉదాహరణ. కార్వేటినగరం జమీందారీలో ఇక్కడి తెలుగు పల్లెలూ ఉన్నాయి, తిరుత్తణీ ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక కూడా తిరుత్తణి మాతోనే ఉండేది. 1960 ఏప్రిల్‌లో పటాస్కర్ తీర్పు ప్రకారం అది మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. మా సంస్థానంలో వేంకట పెరుమాళ్ రాజు ఆస్థానాన ఉన్న సారంగపాణి, వేణుగోపాల ముద్రతో పదాలు రాశాడు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళ ఎత్తిపొడుపులు, సామెతలు, సంసారపు మాటలు ఆ పదాల్లో ఉన్నాయి. ఇక్కడివాడే అయిన గోవిందసామయ్య మోహన రాగంలో చేసిన వర్ణాన్ని విద్వాంసులు ఇప్పటికీ పాడుతున్నారు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఆయనను స్మరించారు. తమిళ దేశంలో ఉన్న ఎట్టయపురం ప్రభువు ఆదరణతో, తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథమది. మా సారంగపాణి పదం తెలుగు పదమా, కర్ణాటక సంగీతమా అంటే రెండూను. భాష తెలుగు. నేల కర్ణాట రాజ్యపు నేల. ఇందులో మనం పోగొట్టుకున్నదేమీ లేదు.

మరునాడు నా శిష్యుడికి ఫోను చేశాను. జరిగిన కథంతా చెప్పి, “ఆ పిల్లతో, తప్పు మా అయ్యవారిది, ఆయన ఒప్పుకున్నాడు అని చెప్పు” అన్నాను. అతడు కాసేపు మాట్లాడలేదు. “అలాగంటే పిల్లల ముందు బాగుండదేమో అయ్యవారూ” అన్నాడు. బాగుండకపోయినా చెప్పమన్నాను. చెప్పాడు. ఆ పిల్ల నవ్వలేదట. తన పుస్తకంలో మునుపు రాసుకున్న వ్యుత్పత్తిని కొట్టివేసి, పక్కన ‘నల్లనేల దేశం’ అని రాసుకుందట.

ముప్ఫై ఏళ్ళలో నా తరగతుల్లో కూర్చున్న తక్కిన పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. వారిలో ఎవరి కంటనైనా ఈ వ్యాసం పడితే, దయచేసి ఆ పంక్తిని కొట్టివేయండి. ఇందులోనూ నా పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దగలరు.

స్వస్తి.